ఎర్ర గీత దాకా

ఈ మధ్య మా స్టాఫ్ రూములో ఎవరికి తల తిరిగినా ముందు నా దగ్గరికే వస్తున్నారు. "నిర్మలా మేడమ్, మీకెట్టా మొదలైందండీ?" అని అడుగుతారు. నేను సగం చెప్పేసరికి బెల్లు కొడుతుంది. మిగతా సగం వాళ్లే ఊహించుకుని భయపడతారు. మొదటినుంచీ రాసిపెడితే ఒక పనైపోతుందనిపించింది. రాయడం నాకెప్పుడూ పోలేదు. పోయింది చదవడం.

జనవరి

నేను నూజివీడు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన జోజి మామిడి రైతు. ముసునూరు వెళ్లే దారిలో మా తోట, తోటని ఆనుకునే ఇల్లు. ఒక్కతే కూతురు స్నేహ, విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆదివారం మా చర్చిలో పూజలో బైబిల్ నుంచి మొదటి పఠనం చదివేది నేను. పెళ్లై ఈ ఊరొచ్చినప్పటినుంచీ ఆ పని నాదే. ఫాదర్లు మారారు గానీ నేను మారలేదు. ఆ వారం పఠనం పేజీని ఫాదర్ గారు జిరాక్స్ తీయించి శనివారం పంపుతారు. ఇంట్లో పైకి రెండు మూడుసార్లు చదువుకుని, నాలుక తిరిగేలా చేసుకుని వెళతాను.

అప్పుడు పూత నిండుగా ఉంది. చుట్టుపక్కల తోటలన్నిటికీ తేనెమంచు పురుగు మందు కొడుతున్నారు. ఆ రోజుల్లో మా వైపు గాలి సగం పూత వాసన, సగం మందు వాసన. ఎవరికి తలనొప్పి వచ్చినా, కడుపులో తిప్పినా "మందు గాలి తగిలింది" అనేస్తారు. దానికి వైద్యం కూడా ఖాయమే. సబ్బు రుద్ది తలస్నానం చేయించి, పల్చటి మజ్జిగ ఇచ్చి, తలుపులు మూసి పడుకోబెడతారు. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది, సాయంత్రానికి మనిషి లేచి కాఫీ అడుగుతాడు. అందుకే దానిమీద మాకంత నమ్మకం.

ఆ శనివారం పొద్దున్నే మా ఆయన మా తోటకి మందు కొట్టించి వచ్చారు. నేను వరండాలో కూర్చుని పఠనం కాగితం తీశాను. వరసల చివర మాటలు కనపడలేదు. జిరాక్స్ మిషన్లో ఇంకు అయిపోయినట్టుంది, ఫాదర్ గారు చూసుకోలేదు కాబోలు అనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. కాసేపటికి తల వెనక పక్క నొప్పి మొదలైంది, కుడి చెయ్యి తిమ్మిరెక్కింది. లోపలికి వెళ్లబోయి గుమ్మానికి భుజం గట్టిగా కొట్టుకున్నాను. కుడి పక్క అక్కడ గుమ్మం ఉన్నట్టే నాకు తెలియలేదు.

"మందు గాలి తగిలింది నీకు. స్నానం చేసి పడుకో," అన్నారు మా ఆయన. మజ్జిగ ఆయనే చిలికి, ఉప్పు వేసి, గ్లాసు నా ఎడం చేతికి ఇచ్చారు. తాగి పడుకున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి: ఆయన ఒక్కరే అలా అనుకోలేదు, నేనూ అనుకున్నాను. నా చెయ్యి నా మాట వినకపోయినా అనుకున్నాను.

పొద్దు వాలాక స్నేహ ఫోన్ చేసింది. నా మాట ముద్దముద్దగా వస్తోందని దానికి ఫోన్లోనే తెలిసిపోయింది. "అమ్మకి నోరు తిరగట్లేదు నాన్నా, ఇప్పుడే బయల్దేరండి," అని గట్టిగా చెప్పింది. పక్క తోటవాళ్ల కారులో, హనుమాన్ జంక్షన్ మీదుగా విజయవాడ తీసుకెళ్లారు. దారంతా ఆయన నా కుడి చెయ్యి పట్టుకునే ఉన్నారట. నాకు తెలియదు, ఆ చేతికి స్పర్శ లేదు.

తోటలున్న ఇళ్లవాళ్లు ఇది చదివితే ఒక్కటి పాటించండి. పూతకాలంలో తల తిరిగిన ప్రతి మనిషికీ మందు గాలే తగలదు. నవ్వమనండి, రెండు చేతులూ పైకెత్తమనండి, ఏదన్నా పైకి చదవమనండి. ఒక్కటి తేడాగా ఉన్నా మజ్జిగ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు కారెక్కించండి. మూడూ బాగానే ఉన్నా ఒకసారి డాక్టరుకి చూపించండి.

ఫిబ్రవరి

"ఎప్పుడు మొదలైంది?" అని డాక్టరు గారు అడిగితే మా ఆయన "పొద్దున్నండీ" అన్నారు. "ఇది పక్షవాతం. పొద్దున్నే వచ్చి ఉంటే రక్తం గడ్డ కరిగే ఇంజక్షన్ ఇచ్చే వీలుండేది," అన్నారాయన. కోపంగా ఏం అనలేదు, మామూలుగా అని కాగితం మీద ఏదో రాసుకున్నారు. మా ఆయన తల దించుకుని తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డారు. ఆ మాట తర్వాత చాలాకాలం ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

మాట రెండు మూడు రోజుల్లోనే సర్దుకుంది. చెయ్యి బద్ధకంగా వెనక్కి వస్తోంది. స్కానింగు గది బయట చాలాసేపు కూర్చోబెట్టేవాళ్లు. అందరం ఎదురుగా ఉన్న తలుపు వంకే చూస్తూ ఉండేవాళ్లం. తలుపు మీద ఒక బోర్డు ఉంది. నాకు బోర్డులో మొదటి మాట కనపడేది, ఆ తర్వాత గోడ కనపడేది. తల తిప్పితే ఇంకో ముక్క కనపడేది, ఈలోగా మొదటిది మర్చిపోయేదాన్ని. మందుల చీటీ అంతే, ఇడ్లీ పొట్లం చుట్టిన పేపరు ముక్కా అంతే. ఎంతమంది పిల్లలకి అక్షరాలు దిద్దించానో లెక్కలేదు, ఇప్పుడు పేపరు ముక్క చదవలేక పొట్లం మడిచి పడేశాను. అక్కడ భయం వేసింది. అప్పటిదాకా చనిపోతానేమోనని భయం. ఆ రోజునుంచీ బతికి చదవలేకుండా ఉంటానేమోనని భయం.

పక్క మంచంలో మైలవరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. దానికి తోడు వాళ్ల అత్తగారు. నేను పళ్లెంలో ఎడం వైపు అన్నం తినేసి, అయిపోయిందని పక్కన పెట్టేసేదాన్ని. రెండు పూటలు చూసి, మూడో పూట ఆవిడ లేచి వచ్చి పళ్లెం అటుది ఇటు తిప్పి పెట్టారు. కూర కూడా ఉంది. "ఆ కూర మీకు నచ్చలేదేమో అనుకున్నానమ్మా," అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ వార్డులో నేను నవ్వింది అదొక్కసారే. డిశ్చార్జి అయ్యేదాకా ఆవిడ నా పళ్లెం తిప్పుతూనే ఉన్నారు.

కళ్లు బాగానే ఉన్నాయన్నారు డాక్టరు గారు. మెదడు వెనక పక్క కొంత భాగానికి రక్తం అందలేదు, అందుకని రెండు కళ్లకీ కుడి పక్క చూపు పోయిందన్నారు. నేను అడిగింది ఒక్కటే.

"మళ్లీ చదవగలనా డాక్టరు గారూ?"

"చూపు రావచ్చు, రాకపోవచ్చమ్మా. రాకపోయినా కొంతమంది కళ్లు తిప్పుకోవడం అలవాటు చేసుకుంటారు. ఓపిక ఉండాలి."

చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి ఒక చిట్కా చెప్పింది. చదివేటప్పుడు పేజీ కుడి చివర ఎర్రగా ఒక గుర్తు పెట్టుకుని, ఆ ఎరుపు కనపడేదాకా కళ్లు జరుపుతూ పోవాలట. ఎరుపు కనపడలేదంటే వరస ఇంకా ఉన్నట్టు. ఇంటికొచ్చి అలాగే చేశాను. పుస్తకంలో ఎర్ర గీత గీయించుకుని కూర్చున్నాను. గీత చాలా దూరంగా ఉండేది. ఎరుపు దొరికేసరికి ఏ వరసలో ఉన్నానో పోయేది. పుస్తకం తెరిచి పట్టుకోవడానికి కుడి చెయ్యి చాలదు, జారి ఒళ్లో పడేది. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేస్తే వరస తెర దాటి పోయేది, వణికే వేలు తగిలి పేజీ ఎగిరి ఇంకెక్కడికో వెళ్లేది. మధ్యలో ఎవరో పలకరించడానికి ఫోన్ చేసేవాళ్లు.

మార్చి, ఏప్రిల్

పిందె నిలబడింది. ఇల్లు మాత్రం బాగాలేదు.

మా ఆయన వంట నేర్చుకున్నారు, మందులు టైముకి ఇచ్చేవారు, బాత్రూము దాకా వెనకే వచ్చేవారు. మాటే లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు, "మందు గాలికి ఇంత అవుద్దని ఎవరనుకుంటారు," అనేవాళ్లు. మందు గాలి కాదండీ అని నేను చెప్పేలోపు ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, పుస్తకం మూడోసారి ఒళ్లో పడ్డాక, ఆయన గ్లాసుతో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఆ రోజు ఇచ్చింది చాల్లేదా మీకు?" అన్నాను.

ఆయన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి, తోటలోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత మా ఇంట్లో మజ్జిగ చెయ్యలేదు. పెరుగు మిగిలితే పక్కింటికి ఇచ్చేసేవాళ్లం. నేను అన్నది తప్పని నాకు ఆ సాయంత్రానికే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. అప్పుడు నా నోటికి జబ్బేమీ లేదు, అయినా రాలేదు.

ఈస్టర్‌కి స్నేహ సెలవు పెట్టి వచ్చింది. ఇంట్లో ఇద్దరు మనుషులు గోడలతో మాట్లాడుకుంటున్నారని దానికి అర్థమైంది. నాకు పాటలన్నా పెడదామని వాళ్ల నాన్న జేబులోంచి పాటల డబ్బా తీసుకుంది. ఆయన దాన్ని హనుమాన్ జంక్షన్‌లో ఒక ఫోన్ల షాపులో ఎప్పుడో కొన్నారు. అరచేతిలో ఇమిడిపోయే ఎంపీఫోర్ ప్లేయరు, మూడు వేళ్ల వెడల్పు తెర, కింద గుండ్రటి బటను. ఒక మూల పగిలితే నల్ల టేపు చుట్టారు. కాయ ఎదిగే రోజుల్లో తోటలో కావలి పాకలో కూర్చుని అందులో పాటలు వినేవారు. ఫోన్లో వినొచ్చు కదా అంటే, ఫోన్లో అయితే మనుషులు పిలుస్తారు, ఇందులో ఎవరూ పిలవరు అనేవారు.

స్నేహ దాన్ని తిరగేస్తూ, "అమ్మా, ఇందులో ఈ-బుక్ అని కూడా ఉంది," అంది. దాని లాప్‌టాప్‌లో తెలుగు నవలలు చాలా ఉన్నాయి. ఒకటి ఎక్కించి తెరిచింది. తెరనిండా అక్షరాలకి బదులు ఖాళీ గళ్లు వరసగా వచ్చాయి.

"దీనికి తెలుగు రాదమ్మా," అంది.

"నాకూ రావట్లేదుగా. సరిపోయాం ఇద్దరం," అన్నాను.

స్నేహ వదల్లేదు. తెలుగు రాకపోతే ఫొటోలు వస్తాయి కదా అంది. నవల పేజీని ఫొటోగా చేసి, అందులో మూడు మాటల ముక్క కత్తిరించి, కుడి అంచున ఎర్ర గీత గీసి, డబ్బాలో వేసి నా ఎడం చేతికిచ్చింది. తెర అంత చిన్నది కాబట్టి గీత ఇక్కడే, ముక్కు ముందే ఉంది. కళ్లు కాస్త జరిపితే చాలు, ఎరుపు తగిలింది. మూడు మాటలూ చదివాను. బటను నొక్కాను. ఇంకో మూడు వచ్చాయి, వాటి చివరా ఎర్ర గీత. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. స్నేహ కూడా ఏడ్చింది. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి తోటలోకి వెళ్లారు.

మర్నాడు స్నేహ ఒక అధ్యాయం మొత్తం ముక్కలు చేసి పెట్టింది. నేను చదవడం మొదలుపెట్టాను. ఒక ముక్కలో పెద్దక్క తలుపు తీస్తుంది, రెండో ముక్కలో ఎవరో రైలు దిగుతారు, తర్వాతి ముక్కలో కోర్టు. మాటలు అర్థమవుతున్నాయి, కథ అర్థం కావట్లేదు. ఇక నా బుర్ర కూడా పోయిందని నిశ్చయించుకున్నాను. మధ్యాహ్నం అన్నం తినలేదు. ఏమైందని మా ఆయన డబ్బా తీసుకుని నాలుగు ముక్కలు చదివి, "నాకూ ఏం అర్థం కాలేదు. నా బుర్ర కూడా పోయిందంటావా?" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నాతో అన్న మామూలు మాట అది. చూస్తే, స్నేహ ముక్కలకి అంకెలేసింది, డబ్బా ఒకటి తర్వాత పది, పదకొండు చూపించి, అవన్నీ అయ్యాక రెండు చూపిస్తోంది. స్నేహ తల పట్టుకుంది. అంకెల ముందు సున్నాలు పెట్టాక కథ దారిలో పడింది.

సెలవు అయిపోయి స్నేహ వెళ్లే రోజు వచ్చింది. ముక్కలు ఎవరు చేస్తారన్నది ఎవరం ఎత్తలేదు. బస్సు టైముకి మా ఆయన ఫోన్ తీసుకుని స్నేహ పక్కన కూర్చున్నారు.

"ఎట్టా కత్తిరించాలో చూపించి వెళ్లు."

"నీ వల్ల కాదు నాన్నా, విసుగు పని."

"చెట్లకి అంటు కడతా. అంతకన్నా విసుగు పనా?"

మే

ఆ నెలంతా ఆయన కావలి పాకలో కూర్చుని ఫోన్లో నవల పేజీలు కోశారు. మొదట్లో కొమ్మ నరికినట్టు నరికేవారు. మాట మధ్యలో తెగేది, ఒక అక్షరం ఈ ముక్కలో, దాని ఒత్తు తర్వాతి ముక్కలో. ఎర్ర గీత వేలితో గీసేవారు, అది మా పొలం గట్టులాగే వంకర. నేను ఫిర్యాదు చేస్తే, మాట ఎక్కడ అయిపోతుందో చూసుకోవాలంటే చదవాల్సి వస్తోంది అన్నారు. చదవండి అన్నాను. పదో తరగతి తర్వాత పురుగుమందు డబ్బా మీది అక్షరాలు తప్ప చదవని మనిషి చదివారు.

అందులో ముగ్గురు అక్కచెల్లెళ్లు, వాళ్ల మధ్య తగాదాలో ఉన్న ఒక ఇల్లు. నేను ఎప్పుడో చదివి మర్చిపోయిన కథ. ఆయన నాకంటే ఒక రోజు ముందుండేవారు. సాయంత్రం ముక్కలున్న మెమరీ చిప్ నా డబ్బాలో పెడుతూ, "చిన్నది కేసు వేస్తదిలే," అని చెప్పేసేవారు. చెప్పొద్దన్నా వినేవారు కాదు. ఒక రోజు పెద్దక్క చేసిన పనికి కోపం వచ్చి, తోటలో ఒక్కరే ఉండి పైకి తిట్టారట. పక్క తోట కావలి మనిషి వచ్చి ఎవరితో గొడవని అడిగాడట. ఆ సంగతి చెబుతూ ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. మజ్జిగ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

కాయ కోతకొచ్చింది. చిన్నరసాలు గడ్డిలో మాగేశాం. ముందు గదంతా ఆ తీపి వాసన. నేను కిటికీ పక్కన డబ్బాతో కూర్చునేదాన్ని. ఒక రోజు ముక్కలో మాటలు లెక్కపెడితే అయిదున్నాయి. మూడుతో మొదలైంది అయిదు ఎప్పుడైందని అడిగాను. "మొక్కకి ఒకేసారి ఎరువేస్తామా? కొద్దికొద్దిగా పెంచా," అన్నారు. నాకు చెబితే భయపడి చూడలేనని చెప్పలేదట.

జూన్ నుంచి

బడి తెరిచాక వెళ్లాను. హెడ్మాస్టరు గారు క్లాసులు తగ్గించి ఇచ్చారు. పాత పాఠాలు నాకు నోటికి వచ్చు. కొత్తవాటిని మా ఆయన ముక్కలు చేసి ఇచ్చేవారు. పిల్లలు దాన్ని "మేడమ్ డబ్బా" అనేవాళ్లు. బ్లాక్‌బోర్డు మీద కుడి పక్క ఎవరో ఎర్ర సుద్దతో నిలువు గీత గీసి ఉంచేవాళ్లు. ఎవరు గీస్తున్నారో నేను అడగలేదు, గీసినవాళ్లు చెప్పలేదు.

నా చూపు తిరిగి రాలేదు. పరీక్ష చేసినప్పుడల్లా అదే మాట. కుడి పక్కనుంచి వచ్చే సైకిలు ఇప్పటికీ నాకు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టే ఉంటుంది. కళ్లు మాత్రం వెతకడం నేర్చుకుంటున్నాయి. డబ్బాలో ఇప్పుడు వరస మొత్తం, చిన్న అక్షరాల్లో, చదువుతున్నాను. అయినా అచ్చు పేజీ చేతిలోకి తీసుకోవాలంటే ధైర్యం చాలేది కాదు. నిలువెత్తు పేజీ చూస్తే ఆ శనివారం గుర్తొచ్చేది, మూసేసేదాన్ని.

చర్చిలో పఠనం ఇంకో అమ్మాయి చదువుతోంది. బాగానే చదువుతుంది, కాస్త పరుగెత్తుతుంది. డబ్బాలో చూసి చదవమన్నారు ఫాదర్ గారు. దేవుడికేం అభ్యంతరం ఉండదన్నారు. దేవుడికి లేకపోవచ్చు, నాకుంది. అందరి ముందూ నిలబడి, వరస పోయి, తడుముకుంటే? చదవగలిగిన రోజు కాగితం చూసే చదువుతానన్నాను. ఆ రోజు వస్తుందని నాకు నమ్మకం లేదు, అందుకే అంత గట్టిగా అన్నాను.

మళ్లీ జనవరి

మళ్లీ పూత వచ్చింది. మళ్లీ మందు వాసన.

మొన్న శనివారం ఫాదర్ గారు పఠనం కాగితం పంపారు. చదవకపోయినా పర్లేదు, ఊరికే ఇంట్లో ఉండనివ్వండని చెప్పించారట. వరండాలో బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా కళ్లజోడు పెట్టె బరువు పెట్టాను. దానివైపు చూడకుండా చిక్కుళ్లు వలుస్తున్నాను. తోటకి మందు కొట్టించి మా ఆయన వచ్చారు. మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నారు.

"తల తిరుగుతోంది నిర్మలా. మందు గాలి తగిలినట్టుంది. కాస్త మజ్జిగ..." అని ఆగిపోయారు.

నా చేతిలోంచి చిక్కుళ్లు కిందపడ్డాయి. నవ్వమన్నాను. ఏంటన్నట్టు చూశారు. "నవ్వండి," అని గట్టిగా అన్నాను. నవ్వారు, రెండు పక్కలా సమంగానే ఉంది. చేతులెత్తమంటే ఎత్తారు. ఏదన్నా చదివించాలి. డబ్బా లోపల చార్జింగ్‌లో ఉంది. బల్ల మీది కాగితం లాగి చేతిలో పెట్టాను.

"పైకి చదవండి."

చదివారు. మొదటి వరస బాగానే సాగి, చివర మాట లేకుండా రెండో వరసలోకి వెళ్లింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. వాక్యం అతకడం లేదు.  వరసల చివర మాటలు వదిలేస్తున్నారు. సరిగ్గా నాకు మొదలైనట్టే.

"చివర మాట కనపడట్లేదా మీకు? నిజం చెప్పండి. కారు పిలుస్తాను."

"కనపడకేం? అక్కడ ఇంకు లేదు," అన్నారు.

కాగితం ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ఇంకు ఉందో లేదో చూడాలి, అంతే, ఇంకేమీ ఆలోచించలేదు. మొదటి వరస పట్టుకుని చివరిదాకా వెళ్లాను. నిజమే, కుడి పక్క అచ్చు వెలిసిపోయింది. పరీక్షగా చూస్తే అక్షరాల నీడ ఉంది. ఆ మాట పైకి చదివాను. రెండో వరస, దాని చివర నీడ. మూడో వరస. అన్ని వరసలదీ అదే పరిస్థితా అని చూస్తూ కిందిదాకా వెళ్లాను. ఆయన తప్పేమీ లేదు, కాగితానిదే తప్పు. గట్టిగా ఊపిరి పీల్చుకుని, "ఈసారైనా ఫాదర్ గారికి ఆ మిషన్ బాగు చేయించుకోమని చెప్పాలి," అన్నాను.

ఆయన కాగితం వంక చూడ్డంలేదు, నా వంక చూస్తున్నారు.

"కిందిదాకా చదివేశావుగా," అన్నారు.

అప్పుడు చూసుకున్నాను. కాగితం మీద ఎర్ర గీత ఎక్కడా లేదు.

అయినా ఆయన్ని వదల్లేదు. ముందు సబ్బుతో స్నానం చేయించి, నూజివీడు తీసుకెళ్లి డాక్టరుకి చూపించాను. బీపీ బాగానే ఉంది, మందు గాలే, నీళ్లు బాగా తాగించమన్నారు. ఇంటికొచ్చి పక్కింట్లో పెరుగు అడిగి తెచ్చుకుని, మజ్జిగ నేనే చిలికాను. కుడి చేత్తో చిలకడం రాదు, ఎడం చేత్తో చిలికాను, గచ్చంతా తుంపర్లు. ఉప్పు వేసి గ్లాసు ఇచ్చాను.

"ఆ రోజు నేనన్న మాట మనసులో పెట్టుకోకండి. మందు గాలే అని నేనూ అనుకున్నాను," అన్నాను.

ఆయన తాగి, గ్లాసు బోర్లించి, "ఉప్పెక్కువైంది," అన్నారు. 

డబ్బా తీసి ఆయన చొక్కా జేబులో పెట్టాను. ఇక మీరే ఉంచుకోండి, పాటలు విని చాన్నాళ్లయిందిగా అన్నాను. కొత్త నవల సగంలో ఉందిగా అన్నారు. మిగతాది పుస్తకంలో చదువుకుంటాను, మీరు ముందే చెప్పకుండా ఉంటే చాలన్నాను.

పఠనం నేనే చదువుతానని ఫాదర్ గారికి కబురు పెట్టి, ఆదివారం పూజకి వెళుతుంటే, చర్చి మెట్ల దగ్గర ఆయన జేబు తడుముకుని మెల్లగా చెప్పారు.

"ఇవాళ్టి పఠనం ఇందులో ఉంది. గీతలు కూడా గీశా. ఏమో, అవసరం పడుద్దేమోనని."

ఎప్పుడు చేశారని అడిగాను. కత్తిరించడం నేర్చుకున్నప్పటినుంచీ ప్రతి వారమూ ఫాదర్ గారి పుస్తకంలోంచి ఫొటో తీసుకుని ఆ వారం పఠనం ముక్కలు చేసి పెడుతూనే ఉన్నారట. నేను అడుగుతానేమోనని చూశారట. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

కాగితం పట్టుకుని ముందుకెళ్లాను. మొదటి వరస మొదలుపెట్టేముందు ఒకసారి ఆయన వైపు చూశాను. ఎడం పక్క వరసలో, నాకు కనపడే చోట, జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఆ చెయ్యి తీయాల్సిన అవసరం రాలేదు.